పెంటావాలెంట్ టీకా: హైదరాబాద్ నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాల్లో వాడకం, భద్రత

పెంటావాలెంట్ టీకా పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఎడమ తొడకు వేసే సూదిమందు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హిబ్, హెపటైటిస్-బి అనే ఐదు జబ్బుల నుంచి కాపాడుతుంది. వీటిలో హెపటైటిస్-బి ఒక్కటే వైరస్ వల్ల వచ్చేది, మిగతా నాలుగూ బ్యాక్టీరియా తెచ్చిపెట్టేవి. మన దేశంలో 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలతో మొదలై 2015 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. అంతకుముందు సర్కారు దవాఖానాల్లో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి డీపీటీ ఒక సూది, హెపటైటిస్-బి ఇంకో సూది. హిబ్ టీకా మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవాళ్ల పిల్లలకే దక్కేది.

ఈ టీకాను ప్రపంచానికి సరఫరా చేసే కంపెనీల్లో కొన్ని హైదరాబాద్‌వే. టీకా వేయించుకోవడానికి వచ్చిన పసివాళ్లు తప్పు బిళ్ల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న చోటు కూడా ఇదే ఊళ్లో, నాంపల్లిలో ఉంది. టీకా భద్రత అంటే సీసాలోని మందు మంచిదా కాదా అని చూస్తే సరిపోతుందనుకునేవారికి 2019 మార్చి నాటి ఆ ఘటనే జవాబు.

సీసాలో ఉండేవి

కంఠసర్పి, ధనుర్వాతం రెండింటిలోనూ మనిషిని చంపేది బ్యాక్టీరియా వదిలే విషం. 1890లలో ఎమిల్ వాన్ బేరింగ్ గుర్రాలకు ఆ విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు సీరం తీసే పద్ధతికి దారి వేశాడు. 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. జబ్బు వచ్చాక ఇచ్చేది సీరం. రాకుండా ఆపేదాన్ని 1923లో ఫ్రాన్స్‌లో గాస్టన్ రమోన్ తయారుచేశాడు. విషంలో ఫార్మాలిన్ కలిపి కొన్ని వారాలు వెచ్చగా ఉంచితే దాని చంపే గుణం పోతుంది, ఒంటికి దాన్ని గుర్తుపట్టడం నేర్పే గుణం మిగులుతుంది. దీన్నే టాక్సాయిడ్ అంటారు. నూరేళ్లు గడిచినా సూత్రం అదే.

కోరింత దగ్గు భాగం వేరు. అందులో చంపిన బ్యాక్టీరియా కణం మొత్తం ఉంటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1930లలో, పగలు ప్రయోగశాలలో పని ముగించుకుని, సాయంత్రాలు దగ్గుతున్న పిల్లల ఇళ్లకు వెళ్లి నమూనాలు సేకరించి ఈ టీకాను నిలబెట్టారు. సూది వేసిన రాత్రి బిడ్డకు ఒళ్లు కాలడం, తొడ వాయడం ఎక్కువగా ఈ భాగం వల్లే. ప్రైవేటు క్లినిక్కుల్లో ‘నొప్పి లేని సూది’ అని అమ్మేదానిలో కణం మొత్తానికి బదులు కొన్ని ముక్కలే ఉంటాయి. జ్వరం తక్కువ, నిజమే. రక్షణ కూడా త్వరగా తగ్గిపోతుందని 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు చెలరేగిన తర్వాత జరిగిన పరిశోధనలు చూపించాయి. ధర ఎక్కువ కాబట్టి మేలైనదే అయి ఉంటుందని అనుకోవడం ఈ విషయంలో చెల్లదు.

హిబ్ అంటే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే టైప్ బి. ఇన్‌ఫ్లుయెంజాకు కారణం ఇదేనని పంతొమ్మిదో శతాబ్దం చివర పొరబడి పెట్టిన పేరు, ఫ్లూతో దీనికి సంబంధం లేదు. రెండేళ్లలోపు పిల్లల్లో మెదడు పొరల వాపు, న్యుమోనియా తెస్తుంది. ఈ బ్యాక్టీరియా పైపొర ఒక రకం చక్కెర పదార్థం. దాన్ని విడిగా ఎక్కిస్తే పసివాళ్ల ఒళ్లు అసలు పట్టించుకోదు. దాన్ని ధనుర్వాతపు టాక్సాయిడ్ లాంటి ప్రొటీన్‌కు అతికించి ఇస్తే గుర్తుపడుతుంది. టైఫాయిడ్, న్యుమోనియాలకు పసివాళ్లకు వేసే ఇప్పటి టీకాలూ ఈ అతుకు ఉపాయం మీదే నడుస్తున్నాయి.

వీటిలో చాలావరకు అల్యూమినియం లవణపు రేణువులను అంటిపెట్టుకుని ఉంటాయి. సీసా ఊపితే కనిపించే పాలవంటి తెలుపు అదే. పది డోసుల సీసాల్లో క్రిములు చేరకుండా థయోమెర్సాల్ కలుపుతారు.

కోరంటి దవాఖానా లెక్కలు

కంఠసర్పి పాత పుస్తకాల్లో జబ్బు అనుకునేవారు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో అడగాలి. దాని అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ ఉష్ణమండల, సాంక్రమిక వ్యాధుల సంస్థ. ఊళ్లో పాతవాళ్లకు అది కోరంటి దవాఖానా. గొంతులో బూడిదరంగు పొర పట్టి, మెడ ఎద్దు మెడలా ఉబ్బి, ఊపిరి ఆడక వచ్చిన పిల్లల్ని నాంపల్లి, పాతబస్తీ, చుట్టుపక్కల జిల్లాల నుంచి అక్కడికే పంపుతారు. విషం గుండె కండరాన్ని పట్టుకుంటే రెండో వారంలో, పొర కరిగి ఇక గండం గడిచిందనుకున్నాక, గుండె ఆగిపోవచ్చు. కొందరికి అంగిలి చచ్చుబడి, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. విరుగుడు సీరం కణాల్లోకి ఇంకా చొరబడని విషాన్ని మాత్రమే ఆపగలదు. ఒక రోజు ఆలస్యమైనా ఆ మేరకు నష్టమే.

2003 నుంచి 2006 వరకు హైదరాబాద్‌లో నమోదైన కంఠసర్పి కేసుల మీద జరిగిన ఒక అధ్యయనం 2008లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు ఎక్కువగా కనిపించింది పసివాళ్లలో కాదు, 5 నుంచి 19 ఏళ్లవారిలో. ఆడవాళ్లలో ఎక్కువ. నాలుగు లేదా అంతకు మించి డోసులు పడినవారిలో టీకా బాగా పనిచేసింది, కానీ మొదటి మూడు డోసుల తర్వాత వేసే బూస్టర్లు వేయించుకున్నవారే తక్కువ. టాక్సాయిడ్ ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది. మొదటి మూడు డోసులూ శ్రద్ధగా వేయించి, బిడ్డ నడక నేర్చాక టీకా కార్డును బీరువాలో పడేసే ఇళ్లలో ఈ జబ్బు బడి వయసు దాకా ఓపిగ్గా కాచుకుంటుంది. పెంటావాలెంట్‌కు సంబంధించిన ప్రచారమంతా ఆ మూడు డోసుల చుట్టూనే తిరగడం నా దృష్టిలో పెద్ద లోపం.

ధనుర్వాతం విషయంలో కథ మెరుగు. కాన్పు సమయంలో తల్లికీ బిడ్డకూ సోకే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో నిలిచింది. 2015లో దేశం మొత్తానికీ ఆ గుర్తింపు వచ్చింది.

నాంపల్లి, నీలోఫర్

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే దారిలో మొజంజాహీ మార్కెట్ ఉంది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద కట్టింది. ఆయన భార్య, తుర్కియే రాజవంశానికి చెందిన నీలోఫర్ పేరుతో ఉన్నది రెడ్‌హిల్స్‌లోని పిల్లల ఆసుపత్రి. 1949లో తన పరిచారిక రఫత్ కాన్పులో చనిపోవడంతో తల్లీబిడ్డల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండాలని ఆమె పట్టుబట్టింది. 1953 నుంచి నడుస్తున్న ఆ ఆసుపత్రి ఇప్పుడు ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉంది, రాష్ట్రమంతటి నుంచి వచ్చే పిల్లల కేసులకు అదే పెద్ద దిక్కు.

స్టేషను, దర్గా, ఎగ్జిబిషన్ మైదానం, హోల్‌సేల్ దుకాణాల మధ్య ఇరుకు గల్లీల్లో అద్దె ఇళ్లు మారుతూ బతికే కుటుంబాలు నాంపల్లి చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇల్లు మారితే టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం జాబితా మారుతుంది. కార్డు పాత ఇంట్లో పోతే ఎన్ని డోసులు పడ్డాయో చెప్పేవారు ఉండరు. వీళ్లకు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే ఆధారం. 2018 నుంచి బస్తీ దవాఖానాలూ తోడయ్యాయి. అబిడ్స్ వైపు స్తోమత ఉన్నవాళ్లు పిల్లల డాక్టరు క్లినిక్‌లోనే వేయిస్తారు. ఎక్కడ వేయించినా పాటించాల్సిన పద్ధతి ఒకటే.

సూది వేసే బల్ల దగ్గర

సర్కారు కేంద్రాల్లో టీకాల రోజులు బుధవారం, శనివారం. ఆరు వారాల బిడ్డకు ఒకే పూటలో చాలా పడతాయి: నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ మందు, కుడి భుజానికి పోలియో సూది, ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోనియా టీకా పీసీవీ. కుడిఎడమలు ఊరికే పెట్టినవి కావు. రేపు తొడ వాస్తే ఏ సూది వల్లో తెలియడానికి. పిరుదుకు వేయకూడదు, అక్కడి నరానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

పెంటావాలెంట్‌కు వేడి కంటే చలి పెద్ద శత్రువు. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గడ్డకడితే అల్యూమినియం రేణువులు ముద్దకట్టి, అంటుకున్న టాక్సాయిడ్లు పనికిరాకుండా పోతాయి. తర్వాత కరిగించినా లాభం లేదు. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకులను వెంటనే డబ్బాలో పెట్టరు. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడేదాకా బయట ఉంచుతారు. అనుమానం వస్తే ఊపి చూసే పరీక్ష ఉంది: సీసాను బాగా ఊపి బల్ల మీద పెడితే, గడ్డకట్టి పాడైన దానిలో మడ్డి గబగబా అడుక్కి దిగుతుంది, మంచిదానిలో తెలుపు చాలాసేపు అలాగే నిలుస్తుంది.

వేడి సంగతి సీసా మీది గుర్తు చెబుతుంది. ఊదారంగు వలయం, దాని మధ్య లేత చతురస్రం. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వలయం రంగుతో సమానమైతే ఆ సీసా చెత్తబుట్టకే. ఇది చూడటానికి చదువు అక్కర్లేదు, తల్లిదండ్రులు అడిగితే చూపించాలి కూడా. తెరిచిన సీసాను నియమాల ప్రకారం చల్లగా, శుభ్రంగా ఉంచితే 28 రోజుల దాకా వాడవచ్చు. మీజిల్స్, బీసీజీ సీసాలకు ఈ వెసులుబాటు లేదు, అవి తెరిచిన నాలుగు గంటల్లో పారేయాల్సిందే.

సిరంజీ ఒక్కసారి నొక్కితే మళ్లీ వెనక్కి రాని రకం. డోసు అర మిల్లీలీటరు. వేశాక సూది మొదలును హబ్ కట్టర్‌తో కత్తిరిస్తారు. ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెడతారు. తీవ్రమైన అలర్జీ వస్తే దాదాపుగా ఆ అరగంటలోనే బయటపడుతుంది, అడ్రినలిన్ సూది చేతికందే దూరంలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. ఆటో ఎదురుచూస్తోందని ఐదు నిమిషాల్లో లేచిపోయేవాళ్లే ఎక్కువ. ఏ టీకా వేశారు, ఏ జబ్బుకు, ఇంటికెళ్లాక ఏం కావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త అన్న మాటలు ఏఎన్ఎం చెప్పి పంపాలి. జనం కిక్కిరిసిన బుధవారం ముందు మింగేసేది ఈ మాటల్నే.

2019 మార్చి

ఆ ఏడాది మార్చి 6 బుధవారం. నాంపల్లి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తొంభై మందికి పైగా పిల్లలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వేయమని తల్లుల చేతికి ఎప్పటిలాగే బిళ్లలిచ్చారు. పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ ఇచ్చారు. పట్టీలు చూడటానికి ఒకేలా ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. బిళ్ల పడిన పిల్లలు మత్తులోకి జారుకోవడంతో తల్లిదండ్రులు నీలోఫర్‌కు పరుగులు తీశారు. పదుల సంఖ్యలో పిల్లలు అక్కడ చేరారు, కొందరిని వెంటిలేటర్ మీద పెట్టాల్సి వచ్చింది. ఇద్దరు పసివాళ్లు దక్కలేదు.

టీకా వికటించిందన్న మాట తొలి గంటల్లోనే ఊరంతా పాకింది. కారణం బిళ్ల అని తేలేసరికి ఆ మాట చేయాల్సిన చెరుపు చేసేసింది.

ట్రమడాల్ నల్లమందు జాతికి చెందిన నొప్పి మందు. పెద్దలకు ఆపరేషన్ల తర్వాత, ఎముకలు విరిగినప్పుడు ఇస్తారు, మోతాదు 50 నుంచి 100 మిల్లీగ్రాములు. కాలేయంలో అది మరింత బలమైన పదార్థంగా మారి, మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మన దేశంలో 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అంటే నాంపల్లి ఘటన నాటికి అది ఆ చట్టం కింద నియంత్రణలో ఉన్న సరుకు.

ఇక్కడ ప్రతి తల్లికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. పెంటావాలెంట్ పడిన బిడ్డ ఏడుస్తుంది, చిరాకు పడుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ట్రమడాల్ పడిన బిడ్డ నిద్రపోతుంది. కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి, ఊపిరి నెమ్మదిస్తుంది, పెదాలు నీలిరంగుకు తిరుగుతాయి. పాపం, సూది పడి అలిసిపోయింది, పడుకోనీ అని ఇంట్లోవాళ్లు అనుకునే ఆ గంటలే అసలు ప్రమాదం. టీకా పడిన రోజు బిడ్డ పాలకు లేవకపోయినా, కుదిపితే కళ్లు తెరవకపోయినా, ఇచ్చిన మందు పట్టీతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు ఏదో తెలిస్తే విరుగుడు నలాక్సోన్ వెంటనే ఇవ్వొచ్చు.

జ్వరం మందు లెక్క

పారాసిటమాల్ అయినా లెక్క తప్పితే మందు కాదు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. ఐదు కిలోల బిడ్డకు 50 నుంచి 75. ఇళ్లలో 500 మిల్లీగ్రాముల బిళ్లను కత్తిపీటతో నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క తల్లిపాలలో అరగదీసి పోస్తుంటారు. ఆ ముక్క 125 మిల్లీగ్రాములు, అదీ సమంగా తెగితే. పసివాళ్లకు చుక్కల మందే క్షేమం, మోతాదు బరువు చూసి చెప్పించుకోవాలి.

జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా వేయడం కూడా మంచి అలవాటు కాదు. చెక్ రిపబ్లిక్‌లో జరిగి 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, టీకాతో పాటే పారాసిటమాల్ పడిన పిల్లల్లో ప్రతిరక్షకాలు కొంత తక్కువగా పుట్టాయని తేలింది. ఒళ్లు కాలి బిడ్డ నలతగా ఉంటే వేయాలి, లేకుంటే తల్లిపాలు, పలుచటి బట్టలు చాలు. సూది పడిన చోట తడిగుడ్డ వేయొచ్చు. నూనె మర్దన, కాపడం వద్దు.

పాత పొరపాట్లు, పాత అనుమానాలు

టీకా తర్వాత ఏ కీడు జరిగినా దాన్ని ఐదు రకాలుగా విడగొట్టి చూస్తారు: టీకా గుణం వల్ల వచ్చినది, తయారీ లోపం వల్ల వచ్చినది, ఇచ్చే తీరులో పొరపాటు వల్ల జరిగినది, భయం వల్ల కలిగినది, కాకతాళీయంగా అదే సమయంలో వచ్చినది. నాంపల్లిది మూడో రకం. ఆ రకానికి మన ఉపఖండంలో చాలా పాత ఉదాహరణ ఉంది. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని మల్కోవాల్‌లో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ప్లేగు టీకా 107 మందికి వేశారు. ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్ మీద పడి ఉద్యోగం పోయింది. సీసా మూత తీసే పటకారు నేల మీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయలేదనీ తర్వాత బయటపడింది. ఆయన తరఫున పత్రికల్లో గట్టిగా పోరాడినవారిలో రొనాల్డ్ రాస్ ఒకడు, 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన ఆ రాసే. 1907లో హాఫ్‌కిన్ నిర్దోషిగా తేలాడు.

తయారీ లోపానికి ఉదాహరణ హైదరాబాద్ పరిసరాల్లోనే దొరుకుతుంది. 1997లో దేశీయంగా హెపటైటిస్-బి టీకా తెచ్చి ధర నేలకు దించిన శాంతా బయోటెక్నిక్స్, షాన్5 పేరుతో పెంటావాలెంట్ తయారుచేసింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత జాబితాలోకి ఎక్కిన ఆ టీకా, కొన్ని సీసాల గోడలకు తెల్లని మడ్డి అంటుకుంటోందని 2010లో జాబితా నుంచి దిగింది. తయారీ పద్ధతి సరిచేసుకుని 2014లో తిరిగి చేరింది. సీసా చూసి అనుమానించిన కళ్లే అక్కడ పని చేశాయి. 1953లో మొదలైన మరో హైదరాబాద్ కంపెనీ బయొలాజికల్ ఇ కూడా కాంబీ ఫైవ్ పేరుతో ఈ టీకాను అనేక దేశాలకు పంపుతోంది.

పెంటావాలెంట్ మీదే అనుమానం వచ్చి వాడకం ఆపిన దేశాలూ ఉన్నాయి: 2008లో శ్రీలంక, 2009లో భూటాన్, 2013లో వియత్నాం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా సలహా సంఘం ఆ మరణాలన్నీ పరిశీలించి టీకాకూ వాటికీ సంబంధం కనిపించలేదని చెప్పింది. మూడు దేశాలూ తిరిగి మొదలుపెట్టాయి. రెండు మూడు నెలల వయసు, టీకా ఉన్నా లేకపోయినా, పసికందులు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువగా ఉండే వయసు. దాంతో కాకతాళీయాన్ని కారణం నుంచి వేరు చేయడానికి పోస్టుమార్టం, రికార్డులు, బ్యాచ్ నంబరు అన్నీ కావాలి. కార్డు మీద బ్యాచ్ నంబరు రాయించుకోవడం చాదస్తం కాదు.

ఎవరికి వద్దు, ఆలస్యమైతే ఏం చేయాలి

ముందు డోసుకు ప్రాణాంతకమైన అలర్జీ వచ్చిన బిడ్డకు, డోసు పడిన ఏడు రోజుల్లో వేరే కారణం లేకుండా మెదడు దెబ్బతిన్న బిడ్డకు ఈ టీకా మళ్లీ వేయరు. మూడు గంటలకు మించి ఆగని ఏడుపు, ఒళ్లు వడలి స్పందన తగ్గడం, జ్వరంతో ఫిట్స్ అరుదుగా వస్తాయి. వస్తే తర్వాతి డోసుకు ముందు డాక్టరుతో చెప్పాలి. జలుబు, కొద్దిపాటి విరేచనాలు, బరువు తక్కువ, నెలలు నిండకుండా పుట్టడం టీకా వాయిదా వేయడానికి కారణాలు కావు.

డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఎంత ఆలస్యమైనా మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టరు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. ఏడాది లోపు ఒక్క పెంటావాలెంట్ డోసూ పడని బిడ్డకు ఆ తర్వాత ఏడేళ్ల దాకా డీపీటీ వేస్తారు. బూస్టర్లలో మొదటిది 16 నుంచి 24 నెలల మధ్య, రెండోది 5 నుంచి 6 ఏళ్ల మధ్య, రెండూ డీపీటీలే. పదో ఏట, పదహారో ఏట టీడీ. ఒకప్పటి టీటీ సూది స్థానంలో వచ్చిన ఈ టీడీలో ధనుర్వాతంతో పాటు కంఠసర్పి టాక్సాయిడ్ కూడా కొద్ది మోతాదులో ఉంటుంది, గర్భిణులకు వేసేదీ ఇదే. నల్లకుంట వార్డుల్లో కనిపించిన ఐదు నుంచి పంతొమ్మిదేళ్లవాళ్లకు పడకుండా మిగిలిపోయినవి ఎక్కువగా ఇలాంటి సూదులే. బడిలో చేర్చేటప్పుడు కార్డు అడిగే బడి ఉంటే అక్కడే పట్టుకోవచ్చు. లేకుంటే ఐదో పుట్టినరోజు దాటిన మొదటి బుధవారమో శనివారమో దగ్గర్లోని కేంద్రానికి వెళ్తే డబ్బు అడగకుండానే వేస్తారు.